పేరు చెప్పకూడని ఉద్యోగం

వేలి నుంచి రక్తపు చుక్క పరీక్ష పట్టీ మీద పడింది. జరకి అంకె ఆరు దగ్గర ఆగింది. నీలవేణి అది రాసుకుని, పద్నాలుగో గది సన్యాసిరావు వేలికి దూది అద్దింది. ఆయన ఆమె భర్త. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు, చెప్పే అధికారం ఆమెకు లేదు.

జరకి వయసుతో పాటు పెరిగి, మెదడులోని జ్ఞాపకాల అల్లికలను కొరుక్కుతినే ఎంజైమ్. పాతదాన్ని తిని కొత్తదానికి చోటు చేసేదీ అదే. కొత్త పేరు వింటే చాలు, రెచ్చిపోతుంది. అందుకే మతిమరుపు రోగులుండే ఈ స్మృతిశాలలో పనివాళ్లకు పేర్లుండవు, నంబర్లే. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి ముందు తొమ్మిదో నంబరుగా నిలబడడం ఎలా ఉంటుందో ఆ రూలు రాసినవాడికేం తెలుసు!

ఈ రోజు ఆయనకు తాళం మందు వేయాలి. నాలుక కింద మూడు చుక్కలు. జరకి శాశ్వతంగా నిద్రపోతుంది. ఉన్న జ్ఞాపకం పోదు, కొత్తది చేరదు. ఆయన జ్ఞాపకమేమో పెళ్లికి ముందే ఆగిపోయింది. మందు వేయకపోతే రెండేళ్లలో అదీ మిగలదు.

ముందుగా నీళ్ల గ్లాసు అందించింది.

"జాగర్తండీ బాబూ, నిన్నలాగ నా పంచి మీద ఒలకబోసీగలరు," అన్నాడాయన నవ్వుతూ.

ఆమె చటుక్కున తలెత్తి చూసింది. మూడేళ్లుగా ఈ మనిషికి నిన్న అనేదే లేదు.

"గుర్తుందా మీకు?"

"ఎందుకుండదు? పొద్దున్నించీ మీకోసమే సూస్తన్నాను. పేరు మాత్రం సెప్పరు. పేరు తెలీని మనిషి కోసం ఎదురుసూడ్డం శానా కష్టమండి."

ఆ మాట కోసం ఆమె ఎంత అలమటించిందో ఆ గది గోడలకే తెలుసు. అయినా దాచకుండా చెప్పింది.

"ఈ మందేస్తే మీ అమ్మ, మీ ఊరు, మీరు తోలిన బస్సు అన్నీ ఉండిపోతాయండి. నేను మాత్రం రోజూ కొత్తే. వెయ్యకపోతే కొన్నాళ్లు నేనూ ఉంటాను. తరవాత ఏదీ ఉండదు. ఏం చెయ్యమంటారు?"

ఆయన ఆమె చేతిలోని మందు సీసాను పక్కకు నెట్టాడు.

"ఆ బస్సు శానా తోలీసినాను గానండి, మీ పేరు సెప్పండి."

"నీలవేణి."

గోడలోని కాపలా యంత్రం పేరు పట్టేసి కూత పెట్టింది. పక్క గదిలో పనిచేసే పన్నెండో నంబరు గుమ్మంలోంచి తొంగిచూసింది.

"అక్కా, మా గదిలో పెద్దాయన కూడా వారం నించి నా పేరడుగుతన్నాడే. సెప్పీమంటావా?"

నీలవేణి సీసాకు మూత బిగించింది.

"నన్ను కాదే, ఆయన్నడుగు. మందు కావాలో, నువ్వు కావాలో."