అన్న నవ్వని చోటు

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడుతో తెల్లవారడం వింతేమీ కాదు. కానీ ఆ శనివారం పొద్దున అంబాబాయికి ఆ చప్పుడు పిల్లలంతా కలిసి ఎక్కాలు వల్లెవేస్తున్నట్టు వినిపించింది. చాపమీద అట్లాగే పడుకుని కళ్ళు మూసుకుంది. నల్లబల్ల ముందు తను నిలబడి ఉంది. చేతిలో సుద్దముక్క. ఎదురుగా నూనె రాసి దువ్విన తలలు వరసగా...

"అంబూ! పాలు పొంగిపోతాండాయి, యాడుండావే?" తల్లి ఇందిరాబాయి పెరట్లోనుంచి కేకేసింది.

"ఈడనే ఉండానమ్మా!"

"ఈడుండేది ఒళ్ళు. మనసు యాడుందో మంత్రాలయం రాయరికే తెలియల్ల."

అంబాబాయి నవ్వుకుంటూ లేచి పాలు దించింది. ఇంట్లో అందరికీ ఆమె పగటికలల పిల్లే. చిన్నప్పుడు మంచినీళ్ళకని బావికి పోయి, నీళ్ళలో మేఘాలు చూస్తూ ఖాళీ బిందెతో తిరిగి వచ్చేది. అయినా కిందటేడు, కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన సందడిలో, ఆ ఊళ్ళోనే టీచర్ ట్రైనింగు మంచి మార్కులతో పూర్తి చేసింది. అప్పటినుంచి ఉద్యోగం కోసం చూస్తోంది.

తండ్రి వాదిరాజాచార్యులు ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసి, కళ్ళకు పొర కమ్మడంతో ఇంటిపట్టున ఉండిపోయాడు. సంసారమంతా కొడుకు గురురాజు మీదే నడుస్తోంది. అతను ఆదోనిలో ఒక పత్తిమిల్లులో గుమాస్తా. అక్కడే గది తీసుకుని ఉంటూ, సెలవు దొరికినప్పుడు ఇంటికి వచ్చిపోతుంటాడు. ఆ మిల్లు సావుకారు మల్లికార్జునయ్య కూలివాళ్ళ పిల్లల కోసం మిల్లు ఆవరణలోనే ఒక బడి పెట్టాడు. దానికి పంతులమ్మ కావాలి. గురురాజు చెల్లెలి సంగతి ఆయన చెవిన వేసి, తీసుకురమ్మనిపించుకుని, ముందురోజే ఇల్లు చేరాడు.

"పంతులమ్మగారూ, దండాలు!" కాఫీ లోటా అందుకుంటూ చేతులు జోడించాడు. "లెక్క తప్పితే గోడకుర్చీ వేయిస్తారా తల్లీ?"

"నిన్నయితే బెంచీ ఎక్కిస్తా."

గురురాజు పెద్దగా నవ్వాడు. అతను నవ్వితే పక్కింటి మగ్గం ఒక్క క్షణం ఆగేది. తండ్రి కూడా బోసినోటితో నవ్వి, కూతురి తల ఎక్కడుందో తడిమి చూసుకుని చెయ్యి పెట్టాడు. "పోయిరా తల్లీ. వాళ్ళు అడిగినదానికి నిదానంగా బదులు చెప్పు."

బస్సు నల్లరేగడి చేలమధ్య ఊగుతూ పోయింది. పగిలిన పత్తికాయలతో చేలన్నీ తెల్లగా ఉన్నాయి. రాత్రి చుక్కలన్నీ దిగివచ్చి, తిరిగి ఎక్కడం మరిచిపోయినట్టున్నాయి అనుకుంది అంబాబాయి. దూరంగా ఆదోని గుట్టలు కనబడ్డాయి. ఏ పిల్లవాడో ఆడుకుంటూ ఒకదానిమీద ఒకటి పేర్చి వదిలేసిన రాళ్ళలా ఉన్నాయవి. అన్నకు చూపిద్దామని పక్కకు తిరిగింది. అంతవరకూ కబుర్లు చెబుతున్న గురురాజు చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, ముందున్న సీటు వెనకభాగం వైపు చూస్తూ కూర్చున్నాడు. నిద్ర వస్తోందేమో అనుకుని ఆమె పలకరించలేదు.

మిల్లు గేటు దాటగానే గాలినిండా దూది. ఎండలో మెరుస్తూ, ఎటు పోవాలో తెలియనట్టు తేలుతోంది. ఒక పోగు వచ్చి ఆమె చేతిమీద వాలింది. ఆ అందానికి ఆమె ఒక నిమిషం అడుగు వేయలేకపోయింది. తర్వాత మెల్లగా ఒక సంగతి తోచింది. అంతమంది ఆడవాళ్ళు పత్తి కుప్పల దగ్గర పని చేస్తున్నారు. ఒక్క మాటగానీ, ఒక్క పాటగానీ వినబడటం లేదు. వాళ్ళ ఊళ్ళో నాట్లయినా కోతలయినా నోరు మూసుకుని పనిచేసే ఆడవాళ్ళను ఆమె చూడలేదు.

ఆఫీసు వసారాలో చాలాసేపు కూర్చోబెట్టారు. గుమాస్తాలు తలెత్తలేదు. కిర్రుచెప్పుల చప్పుడు వినిపించింది. వంగి ఉన్న తలలు ఇంకొంచెం వంగాయి.

మల్లికార్జునయ్య తెల్లటి పంచె, నుదుట విభూతి, ముఖాన చల్లటి నవ్వుతో వచ్చి దిండుకానుకుని కూర్చున్నాడు. "రామ్మా, రా. భయపడొద్దు. ఇది ఆఫీసు కాదు, మీ ఇల్లే అనుకో. ఈడ మేమంతా ఒక సంసారం."

అంబాబాయి నమస్కరించింది. పాఠం ఎలా చెబుతావని అడుగుతాడనుకుంది. రాత్రంతా ఆ జవాబులే కూర్చుకుంది.

"ఎదురు మాట్లాడే అలవాటుందా?" అన్నాడాయన.

"పెద్దలంటే గౌరవమేనండీ" అంది.

"శానా మంచిది. పెండ్లి సంబంధాలేమైనా వస్తాండాయా? రేపు చేరి ఎల్లుండి పోతానంటే నాకు కుదరదు."

"లేదండీ. బడి ఎన్ని గంటలు? ఏ తరగతులు చెప్పాలండీ?"

"అన్నీ మెల్లగా తెలుస్తాయిలే. ఇంట్లో గడియారం చూసుకుని పని చేస్తారా ఎవరైనా?"

"జీతం..."

"మీయన్ననడుగు. ఈడ ఎవరికైనా తక్కువ చేసినామేమో..."

"లేదు సావుకారూ" అన్నాడు గురురాజు, ఆయన మాట ముగియకముందే. ఆ గొంతు అంబాబాయికి కొత్తగా వినిపించింది. తిరిగి చూసింది. అన్న గోడవారగా, చేతులు కట్టుకుని, ఉన్న ఎత్తులో సగమై నిలబడి ఉన్నాడు.

సావుకారు చిన్నగా గొంతు సవరించుకున్నాడు. నౌకరు గుమ్మం దగ్గరే ఉన్నాడు. కానీ గురురాజే గబగబా వచ్చి మూలనున్న తమ్మపడిగ తెచ్చి ఆయన నోటి దగ్గర పట్టాడు. ఆయన తాంబూలం ఉమ్మి, అతనివైపు చూడకుండానే చెయ్యి విసిరాడు. ఆ అలవాటు ఇద్దరికీ ఎంత పాతదో చూస్తేనే తెలుస్తోంది.

అంబాబాయి అన్నవైపునుంచి చూపు తిప్పుకుని అడిగింది. "ఇంతకుముందు చెప్పిన పంతులమ్మ ఏంటికి పోయినారండీ?"

గుమాస్తాల కలాల బరబర ఆగిపోయింది.

"విశ్వాసం లేని మనిషి" అన్నాడు సావుకారు. "ఆమెకు ముందొచ్చినామె సోమరి. దానికి ముందుది నోటి దురుసు. నా అదృష్టం, అందరూ అట్లాంటోళ్ళే దొరికినారు. సరే, పోయి బడి చూడు."

బడి ఒక రేకుల కొట్టం. ఉరుకుందమ్మ అనే ఆయా తలుపు తీసింది. పిల్లలు కిక్కురుమనకుండా కూర్చున్నారు. జుట్లలో దూది, గోళ్ళ సందుల్లో దూది. ముందున్న పలకలమీద ఒక్క గీత లేదు. "నీ పేరేమి బంగారూ?" అని ఒక పాపను అడిగింది అంబాబాయి. ఆ పాప ముందు తలుపువైపు చూసి, తర్వాత పేరు చెప్పింది. "ఈడ బాగుంటుందా ఉరుకుందమ్మా?" అంటే ఆమె కూడా తలుపువైపే చూసింది. "సానా బాగుంటాదమ్మా" అంది.

తిరిగి వచ్చేసరికి సావుకారు లేచి నిలబడి ఉన్నాడు. "సోమవారం చేరు. ఇప్పుడే సరేనను."

"ఇంట్లో అడిగి చెప్తానండీ."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆమెను కాదు, గురురాజును చూశాడు. "ఏం ఆచారీ, చెల్లెలికి మాటలు బాగానే నేర్పినావే."

ఇల్లు చేరేసరికి ఇందిరాబాయి శనగపప్పు, బెల్లంతో హయగ్రీవం చేసి, నైవేద్యం పెట్టి, గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమైంది? కుదిరిందా?"

"కుదిరినట్టే" అన్నాడు గురురాజు. "సోమవారం చేరమన్నారు."

"నేను చేరను, అన్నా" అంది అంబాబాయి.

ఇందిరాబాయి చేతిలోని గిన్నె అట్లాగే ఉండిపోయింది. గురురాజు కండువా తీసి గోడకేసి కొట్టాడు. "చేరవా? నీకోసం నేనెంత బతిమాలినానో తెలుసా? పొయ్యేటప్పుడు కలలు, వచ్చేటప్పుడు కలలు! ఏం తక్కువైంది నీకు ఆడ?"

"పని ఏమిటో చెప్పలేదు. జీతం చెప్పలేదు. వచ్చిన పంతులమ్మలందరూ చెడ్డోళ్ళేనంట, ఆయనొక్కడే మంచోడంట. అట్ల యాడైనా ఉంటుందా అన్నా?"

"పెద్ద సావుకార్లు అట్లే మాట్లాడతారు."

"పిల్లలు పేరు చెప్పడానికి కూడా భయపడినారు."

"కొత్తమనిషిని చూసి సిగ్గుపడినారు! అన్నీ నువ్వు అల్లుకున్నవే."

అరుగుమీదినుంచి వాదిరాజాచార్యులు గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. "అంబూ, నౌకరీ అన్నాక ఒక మాట పడల్ల. నేను పడలేదా? మీయన్న ఇన్నేండ్లుగా ఆడనే చేస్తాండాడు కదా, ఏమైనా అన్నాడా? నువ్వు లేనిపోనివి ఊహించుకోవద్దు."

అంబాబాయికి ఏడుపు ముంచుకొచ్చింది. చెప్పకూడదనుకున్న మాట నోటిదాకా వచ్చింది. దారి పొడుగునా దాన్ని గొంతులోనే ఆపుకుంది.

"అదే అప్పా, నేను చూసింది. పిల్లల్ని చూసి కాదు నేను భయపడింది, అన్నను చూసి. మనింట్లో నవ్వితే మగ్గాలాగుతాయే, ఆ అన్న ఆడ లేడు. ఆయన దగ్గితే చాలు, పరిగెత్తిపోయి తమ్మపడిగ పట్టినాడు. నౌకరు ఆడనే ఉండాడు అప్పా! ఆయప్ప అడిగేది కాకముందే 'లేదు సావుకారూ' అన్నాడు. మా అన్ననే అట్ల చేసిన చోటు నన్నేం చేస్తుందోనని భయమైంది."

వీధిలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

గురురాజు గుంజకానుకుని మెల్లగా జారి కింద కూర్చుని, మోకాళ్ళలో తలపెట్టుకున్నాడు. అతని భుజాలు కదలడం చూసి ఇందిరాబాయి గిన్నె కింద పెట్టి పరుగున వచ్చింది.

"నువ్వు చూసిందంతా నిజమే అంబూ" అన్నాడు తల ఎత్తకుండానే. "బడి అని పేరే. పిల్లలతో పత్తిలో చెత్త ఏరిస్తారు. అది తప్పన్నందుకే ఆ పంతులమ్మను సాగనంపినారు. అన్నీ తెలిసే నిన్ను పిలుచుకొని పోయినా."

"తెలిసే? ఏంటికన్నా?"

"ఆడ నాకు మాట్లాడే మనిషి లేదే. పొద్దుననుంచి రాత్రిదాకా ఒక్క మనిషి నన్ను పేరుపెట్టి పిలవడు. నువ్వుంటే... మధ్యాహ్నం ఒక్కసారి నీ ముఖం కనబడుతుంది కదా అనుకున్నా. అంతే అనుకున్నా. నీ సంగతి ఆలోచించలేదు తల్లీ."

అంబాబాయి అతని పక్కన కూలబడి, చిన్నపిల్లలా అతని చెయ్యి పట్టుకుంది. కోపం రావాల్సిన చోట జాలి తప్ప ఏమీ రాలేదు.

వాదిరాజాచార్యులు చేతులు చాచి కొడుకును వెతుక్కుంటూ వచ్చాడు. భుజం దొరికాక నేలమీద కూర్చుని, ఆ తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. "నాకు కళ్ళే పోయినాయనుకుంటి కదరా. సెలవు సెలవుకూ వస్తివి, పోతివి. 'బాగుండాను అప్పా' అంటివి. ఆ గొంతులో ఏముందో నేను వినలేదు. వినకపోతే ఎట్లరా, తండ్రిని కదా!" ఆయన గెడ్డం మీదుగా కన్నీళ్ళు కొడుకు జుట్టులోకి కారాయి.

"పని వదిలితే ఇల్లెట్ల అప్పా?"

జవాబు ఇందిరాబాయి ఇచ్చింది. "జొన్నరొట్టె తిని బతికినోళ్ళం. ఇంగా బతుకుతాం. నువ్వు మాత్రం సోమవారం ఆ బస్సెక్కొద్దు, నామీదొట్టు." చెంగుతో కొడుకు ముఖం తుడిచి, గిన్నె దగ్గరకు లాక్కుంది. చిన్నప్పటిలా ముద్దచేసి నోట్లో పెట్టింది.

కొన్నాళ్ళు కష్టంగానే గడిచాయి. ఎమ్మిగనూరు బజారులో ఒక బట్టలంగడిలో గురురాజుకు చిన్న పని దొరికింది. జీతం తక్కువ. అయినా రోజూ ఇంటికొచ్చి తింటున్నాడు, పడుకోగానే నిద్రపోతున్నాడు. వాదిరాజాచార్యులు అరుగుమీద పిల్లలకు నోటిపాఠాలు మొదలుపెట్టాడు.

ఉగాది వెళ్ళాక నందవరం బడిలో పంతులమ్మ కావాలని తెలిసింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పోయారు. హెడ్మాస్టరు జయన్న సుద్ద దుమ్ము నిండిన చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చాడు.

"ముందే చెప్తాండానమ్మా. వానొస్తే కప్పు కారుతాది. అప్పుడు పిల్లల్ని పక్కనుండే లక్ష్మప్ప ఇంటి పంచలో కూర్చోబెడతాం. జీతం ఒకోసారి ఆలస్యమయితాది. రెండో తరగతి గోలను పట్టడం నా తరం కాలేదు."

"ముందున్న పంతులమ్మ ఏంటికి మానేసినారండీ?" అంబాబాయి అడిగింది.

"కాన్పయింది, బిడ్డను చూసుకోవల్లని మానేసింది. ఆ మూడో ఇల్లే. పోయి అడుగు. నన్ను తిడితే తిట్టనీ, నీకు తెలుస్తాది కదా."

అంతలో లోపలినుంచి ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది. "సార్, మీరు బోర్డుమీద తప్పు రాసినారు. 'గుర్రం'కు వత్తు పెట్టలేదు."

జయన్న వెనక్కి తిరిగి చూసి, "అవునే!" అంటూ పోయి దిద్దాడు. పిల్లలంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆయన కూడా వాళ్ళతో కలిశాడు. ఎవరూ తలుపువైపు చూడలేదు.

అంబాబాయి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎదురుగా అంతా మసకబారి, అలలమీద ఊగినట్టు ఊగింది. పక్కనున్న అన్నవైపు తిరిగింది. "ఏమంటావన్నా?"

గురురాజు ఆ గదిలోని పిల్లలవైపు చూశాడు.

"నన్నడగొద్దే" అన్నాడు. "నువ్వు చూసినావు కదా. మాకదే చాలు."