లక్ష్మణఫలం ఐసుకి ఇన్వాయిస్

కదులుతున్న పడవ మీదికి, ఆ అరిగిపోయిన మోకాళ్ళతో, ఎవోదియో లగూనెస్ దూకడం నేను ఈ కళ్ళతో చూశాను. మెక్సికోలో ఈ వెరాక్రూజ్ తీరం మొత్తమ్మీద నా అంత నిజం చెప్పే ముసలివాణ్ణి ఇంకొకణ్ణి చూపిస్తే నా టోపీ మీకిచ్చేస్తాను.

ఎవోదియో సీక్రెట్ ఏజెంట్. రిటైర్మెంట్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్న ఏజెంట్. ఆ పొద్దున అల్వరాదో రేవు కాఫీ కొట్లో, రొయ్యల దళారి వేషంలో, కాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. అతని పైఅధికారి కల్నల్ ఎవుఫ్రాసియా చేపల బుట్టతో వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చుంది.

"చేప శుభ్రం చేశారా?" కోడ్ వర్డ్.

"తోక మిగిలింది," ఆవులిస్తూ అన్నాడు.

"నాబోర్‌ని పట్టుకున్నారు. మూడు రోజులైంది."

రొట్టె తెగి కాఫీలో పడింది. నాబోర్ అతని పాత జోడీ. విదేశీ గూఢచారి ముఠా ఒకటి రొయ్యల వ్యాపారం పేరుతో దొంగ కంపెనీ పెడితే, అందులో గుమస్తాగా చేరి, ఆ కంపెనీ పన్నుల శాఖ సైటు పాస్‌వర్డ్ బయటికి పంపింది వాడే. దాంతో కంపెనీ పేరు మీద పుట్టే ప్రతి ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్‌నీ ఎవోదియో తెల్లారగానే తన డొక్కు లాప్‌టాప్ డేటాబేస్‌లోకి సింక్ చేసుకునేవాడు. "అన్నీ పన్నుల శాఖ సర్వర్లో ఉండగా ఈ మూటలు మోయడం దేనికయ్యా?" అని కల్నల్ ఎన్నోసార్లు ఎగతాళి చేసింది కూడా.

"నేవీ కోడ్ మొత్తం వాడి బుర్రలో ఉంది," అందావిడ. "ఇవాళే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో ఉన్న వాళ్ళ ఓడ ఎక్కిస్తారు. ఎక్కాడా, ఇక మనకి దక్కడు."

"ఏ రేవు నుంచి, మేడమ్?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను? వీధి మలుపులో మనవాళ్ళతో జీపులో ఉంటా. కనిపెట్టు."

ఆవిడ అటు వెళ్ళగానే ఇటు సెంటు వాసన. ఆకుపచ్చ పట్టు గౌను, చేతిలో విసనకర్ర. గ్రాసియానా! డబుల్ ఏజెంట్. రెండు వైపులా జీతం, రెండు వైపులా తగాదా.

"ఏం బాబాయ్, ఇంకా రిటైర్ కాలేదా?"

"మీరు కానిస్తేగా తల్లీ."

"పాస్‌వర్డ్ మార్చేశాం. ఇందాకే ఊరి నెట్ కేబుల్ కోసేశాం. ఊళ్ళో ఏ ఫోనూ పలకదు. ఇంక దేంట్లో వెతుకుతావ్? ఇంటికెళ్ళి పడుకో."

"పడుకోవాలనే ఉంది," అని లాప్‌టాప్ తెరిచాడు. "కానీ పొద్దున సింక్ చేసిన కాపీ ఇందులో ఉంది. దీనికి నెట్ అక్కర్లేదు."

విసనకర్ర ఆగింది.

నాబోర్ పట్టుబడిన రోజు నుంచీ ఉన్న ఇన్వాయిస్‌లన్నీ చూపించమని క్వెరీ కొట్టాడు. డీజిల్, తాళ్ళు, ఐసు దిమ్మలు. అన్ని రేవుల నుంచీ! కళ్ళు నలుపుకుని, తిండి సామాను ఒక్కటే చూపించమన్నాడు.

లక్ష్మణఫలం ఐసు, ఒక గ్లాసు. మర్నాడు మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే.

"గ్లాసు ఐసుకి ఇన్వాయిస్ ఏంటమ్మా?" నవ్వడానిక్కూడా ఓపిక లేదతనికి. "పెట్రోలుకి అడుగుతాం, హోటల్లో అడుగుతాం. ఐసు తింటూ ఇన్వాయిస్ అడిగినవాణ్ణి ఈ దేశంలో నేను చూళ్ళేదు."

గ్రాసియానా నిట్టూర్చింది. "'ఇక్కడివాళ్ళలా కనపడాలంటే ప్రతిదానికీ ఇన్వాయిస్ అడగండి' అని ట్రైనింగులో నూరిపోశారు బాబాయ్."

నాబోర్‌కి పాలు పడవు. పాలు కలవనిది అదొక్కటే కాబట్టి, వాడు తినే ఐసూ అదే. అమ్మిందెవరో ఇన్వాయిస్‌లోనే ఉంది: పాత ఐసు ఫ్యాక్టరీ రేవు, పెత్రోనా కొట్టు.

"రిపోర్టులో నా పేరు రాయకు," అంది గ్రాసియానా.

"ఏ జీతం తాలూకు పేరమ్మా?" అంటూ లేచాడు.

రేవులో ఇంజను గర్జిస్తోంది. తాడు విప్పేశారు. పడవ ఒడ్డు వదిలింది. ఎవోదియో గాల్లోకి లేచి డెక్ మీద పడ్డాడు! పిస్తోలు తీశాడు! ముఠా చేతులెత్తింది. అడుగు నుంచి నాబోర్ గొంతు:

"ఇంతసేపేంట్రా? ఐసు తిని తిని గొంతు పట్టేసింది!"

"నోర్మూసుకుని పైకి రారా. నాకు మెట్లు దిగే ఓపిక లేదు."

అలా దక్కాడు నాబోర్.

సరే, అలా చూడకండి. ఆ దూకడం నేను కల్పించాను. ఆ మోకాళ్ళతో అతను స్టూలు కూడా ఎక్కలేడు. పడవ అసలు కదల్లేదు. డీజిల్ పోయించుకుని, అలవాటు ప్రకారం ఇన్వాయిస్ అడిగారు. "నెట్ పోయింది, వచ్చాక ఇస్తా, కూర్చోండి," అన్నాడు డీజిల్ పోసినవాడు. ఇన్వాయిస్ లేకుండా వెళ్తే ఎవరికైనా అనుమానం వస్తుందని ముఠా మొత్తం ఒడ్డున కుర్చీలేసుకుని, తాము కోసిన కేబుల్ ఎవరు బాగుచేస్తారా అని ఎదురుచూస్తోంది. కల్నల్ జీపు వాళ్ళ ముందే ఆగింది. ఎవోదియో అందులోంచి మెల్లగా దిగి, మిగిలిన ఖాళీ కుర్చీలో కూర్చుని, అప్పుడు పిస్తోలు తీశాడు.