ఇరవై ఒకటో పిట్ట

"నా పిట్ట ఏది?"

రెండువందల ఎనభై మెట్ల ఇనుప నిచ్చెన దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, మెడ మీద చెమట తుడుచుకుంటున్న టెక్నీషియన్‌కి నేల మీద ఎదురైన మొదటి మాట అది.

అడిగిన అమ్మాయి మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుంది. టోపీ తాడు గడ్డం కింద గట్టిగా ముడివేసింది. ఒక చేతిలో రాసుకునే అట్ట, ఇంకో చేతిలో కొలత టేపు.

"ఏ పిట్టండీ?"

"ఏడో నంబర్ టర్బైన్ కింద పడి ఉన్న పిట్ట. నిన్న సాయంత్రం దూరం నుంచి చూశాను. వెలుతురు చాలక, పొద్దున్నే వచ్చి ఫొటో తీద్దామని వదిలేశాను. ఇప్పుడు చూస్తే ఈక కూడా లేదు."

"ఓ, అదా! నేనే తీశానండీ," అన్నాడతను, మెచ్చుకుంటుందేమోనని కాస్త నిటారుగా నిలబడుతూ. "పాపం, అలా పడుంటే చూడలేక గొయ్యి తీసి పూడ్చిపెట్టాను. పైన నాలుగు గడ్డిపూలు కూడా పెట్టాను."

"పూలు కూడా పెట్టారా?"

"పెట్టానండీ."

"తవ్వండి."

తవ్వాడు. ఆమె గొంతుక్కూర్చుని, చిన్న బ్రష్షుతో పిట్ట మీద మట్టి దులిపింది. రెక్క విప్పి కొలిచింది. ముక్కు తుడిచింది. ఆమె కోపం నోటి దాకానే వచ్చిందని, చేతుల దాకా రాలేదని అతను గమనించాడు. అలా గమనించడమే కొంప ముంచింది.

ఆ గడ్డి మైదానంలో తొమ్మిది గాలిమరలు తిరుగుతాయి. వాటి రెక్కలు తగిలి ఏడాదికి ఎన్ని పిట్టలు చనిపోతున్నాయో తేల్చడం ఆమె పని. చివరి మూడు గాలిమరలు భరతపిట్టలు గుడ్లు పెట్టే చోటికి ఆనుకుని ఉన్నాయి. ఆ మూడింటి కింద చనిపోయేవి ఏడాదికి పదిహేను దాటాయని తేలితే, గూళ్ళు కట్టే నెలల్లో రోజూ పొద్దున మూడు గంటలు వాటిని ఆపెయ్యాలని అనుమతి ఇచ్చినవాళ్ళు షరతు పెట్టారు. దాటకపోతే ఆపక్కర్లేదు. ఇప్పటికి ఆ మూడింటి కింద ఆమెకు దొరికినవి, పూలు పెట్టినదాంతో కలిపి, పదకొండు.

సైటులో అందరూ ఆమెను 'పిట్టల మేడం' అనేవాళ్ళు. అతన్ని 'నిచ్చెన' అనేవాళ్ళు. ఎక్కేది నిచ్చెన కాబట్టి సగం, మనిషి ఆరడుగుల రెండంగుళాలు కాబట్టి సగం.

వాకీటాకీలో మాటలు మొదలయ్యాయి. మొదట పని మాటలే.

"నిచ్చెనగారూ, ఎనిమిదో నంబర్ కింద నడుస్తున్నాను. పైనుంచి స్పానర్లు విసరకండి."

"విసరనండీ. మీరేం వెతుకుతున్నారో చెబితే పైనుంచి చూసి చెప్తాను."

"వద్దు. నా కళ్ళతోనే చూడాలి. అదే పద్ధతి."

తర్వాత పని లేని మాటలు కూడా వచ్చాయి.

"మేడంగారూ, ఈ పిట్టలు గూళ్ళు గాలిమరలకి ఇలా ఎడంగా పెట్టుకుంటున్నాయేంటండీ? మేం రాకముందు ఇక్కడే ఉండేవట కదా."

"పొడుగ్గా ఏది కనబడినా దాని మీద డేగ కూర్చుంటుందని వాటి భయం. అందుకే పొడుగువాటికి దూరంగా ఉంటాయి."

"ఓహో. అందుకేనా నేనొస్తే ఎగిరిపోతున్నాయి?"

"మిమ్మల్ని చూస్తే నాకే ఎగిరిపోవాలనిపిస్తుంది," అంది ఆమె. వాకీటాకీలో నవ్వు గరగరమని వినిపించింది. ఆ గరగర అతనికి రెండు రోజులు చెవిలోంచి పోలేదు.

ఒకరోజు ఇద్దరూ జీపు నీడలో టీ తాగుతుంటే, గడ్డిలోంచి ఒక పిట్ట నిలువునా పైకి లేచింది. గాలిమర రెక్కలంత ఎత్తుకి వెళ్ళి, అక్కడే రెక్కలాడిస్తూ పాట అందుకుంది.

"అది మగది," అంది ఆమె, మెడ వెనక్కి వాల్చి. "కింద గడ్డిలో ఆడపిట్ట ఉంటుంది. ఎంత ఎత్తున ఎంతసేపు పాడితే అంత గొప్ప."

"రెక్క వస్తుంటే కనబడదా దానికి?"

"పాట మీదున్నవాడికి ఏం కనబడుతుందండీ?"

అతను లేచి, తెరిచి ఉన్న జీపు తలుపుకి నుదురు కొట్టుకున్నాడు.

ఆ వారమే ఆమె పైఅధికారి, సర్వే నడిపే పెద్దసారు, అతనికి ఫోన్ చేశాడు. ఆమెకు తెలియకుండా ఒక పరీక్ష జరగాలి. పిట్టంత సైజులో ఇరవై గుడ్డబొమ్మలు కుట్టించి, తను పంపే కాగితంలో రాసిన కొలతల ప్రకారం చివరి మూడు గాలిమరల కింద దాచాలి. ఆమె ఎన్ని కనిపెడుతుందో చూడాలి. ఆమెకు దొరకనివాటిని ఆమె ముట్టుకోకూడదు, దాచినవాళ్ళే తీసి ఇవ్వాలి.

కుట్టడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. అతని తల్లి ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతోంది. గోధుమరంగు గుడ్డపీలికలన్నీ ఏరి, దూది కూరి, రెండు రోజుల్లో ఇరవై కుట్టేసింది.

"ఎందుకురా ఇవి?"

"పిట్టల మేడంకి పరీక్షమ్మా. నేను దాచాలి, ఆవిడ వెతకాలి."

"పిట్టల మేడం అనడం ఇవాళ్టికి ఇది తొమ్మిదోసారి."

"లెక్కపెడుతున్నావా?"

"కాళ్ళు మిషను మీదుంటే చెవులకి పనేముంది? సరే, ఆ పిల్లకి దొరక్కపోతే?"

అతను ఆ సంగతే ఆలోచించలేదు. దొరక్కపోతే తప్పినట్టేగా? తప్పితే ఇక్కణ్ణుంచి పంపించేస్తారేమో?

సాయంత్రం కాగితం పట్టుకుని బయల్దేరాడు. మొదటి కొలత ముళ్ళపొద నడుమకి తీసుకెళ్ళింది. 'అయ్యో, ఇక్కడైతే ఎలా కనబడుతుంది?' అనుకుని బొమ్మను నాలుగడుగులు ఇవతలికి, కాలిబాట అంచుకి జరిపాడు. రెండోది మోకాలెత్తు గడ్డిలో పడాలి. దాన్ని తెల్లరాయి పక్కన, పొట్ట పైకి కనబడేలా పెట్టాడు. ఇరవై అయ్యేసరికి అది దాచినట్టు లేదు, దుకాణంలో సర్దినట్టుంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె ఇరవై బొమ్మలూ సంచీలో వేసుకుని ఆఫీసుకి వచ్చింది. ముఖంలో మాత్రం సంతోషం లేదు.

సంతోషమంతా గాలిమరల కంపెనీ మేనేజరుదే. "ఇరవైకి ఇరవై అటగా మేడం! శభాష్! మీ కంట పడకుండా ఏదీ పోలేదంటే, ఆ పదకొండే మొత్తం. పదిహేను దాటలేదు, ఆపక్కర్లేదు." అని నిచ్చెన భుజం తట్టాడు. "బాగా దాచావోయ్!"

ఆమె మెల్లగా అతని వైపు తిరిగింది. "మీరా దాచింది?"

వరండాలోకి వచ్చాక అడిగింది. "కాగితంలో రాసిన చోటే పెట్టారా?"

అతను బూట్ల వైపు చూశాడు.

"మీ కంపెనీ చెప్పిందా?"

"అయ్యయ్యో, లేదండీ! మీకు పరీక్ష కదా అని... మీరు పాసవ్వాలని..."

"నేను పాసవ్వాలా! అది నాకు మార్కులివ్వడానికి కాదండీ. సగమే దొరికితే, నేను చూసినవాటికి రెండింతలు చనిపోతున్నాయని లెక్క కడతారు. అన్నీ దొరికితే, నా కంట పడనిది ఒక్కటీ లేదని అర్థం. ఏడాదంతా ఎండలో నడిచాను. నాకు కనబడకుండా పోయినవాటిని కూడా లెక్కలోకి తేవడానికి ఉన్నది ఈ ఒక్క దారే. దాన్ని మీరు పాడు చేశారు. మొదట పాతిపెట్టారు. ఇప్పుడు నా చేతే పాతిపెట్టించారు."

ఆ సాయంత్రం నుంచి ఆమె వాకీటాకీ మూగబోయింది.

ఇంట్లో కంచం ముందు కూర్చుని అతను మెతుకులు కెలుకుతుంటే, తల్లి మిషను ఆపి మొత్తం విషయం రాబట్టింది.

"అంటే, మేలు చెయ్యబోయి పిల్ల నోట్లో మట్టి కొట్టావన్నమాట."

"అవునమ్మా."

"పెద్దాయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు."

"మేనేజరు ఊరుకోడమ్మా."

"నువ్వు చెప్పకపోతే నేనూరుకుంటానా?"

చేశాడు. అవతల పెద్దసారు గొంతులో దగ్గుతో కలిసిన నవ్వు వినిపించింది. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇరవైకి ఇరవై నేనెప్పుడూ చూళ్ళేదయ్యా. రేపు నేనే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. నువ్వే చేశావు కాబట్టి, మళ్ళీ నువ్వే దాచు. ఈసారి కాగితం చెప్పింది చెయ్యి, మనసు చెప్పింది కాదు."

మేనేజరు మాత్రం గది కప్పు లేచిపోయేలా అరిచాడు. "ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?" అన్నాడు. ఉందని చెప్పి, తను చేసిన తప్పును కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు నిచ్చెన. పెద్దసారు నుంచి ఉత్తరం కూడా రావడంతో మేనేజరు పళ్ళు కొరుక్కుంటూ ఫైల్లో పెట్టుకున్నాడు.

వారం తర్వాత బొమ్మల సంచీ అందిస్తూ తల్లి, "ఒకటి ఎక్కువుంది, చూసుకో," అంది. గోధుమరంగు బొమ్మల నడుమ ఎర్ర పట్టుపిట్ట. తోకకి పసుపు దారం.

"ఇదెందుకమ్మా?"

"ఇది దాచకు. చేతికివ్వు."

అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఈసారి కాగితం ముళ్ళపొదలోకి పొమ్మంటే పొదలోకే పాకాడు. అంగుళం అటూఇటూ కాకుండా టేపు పెట్టి కొలిచాడు.

తెల్లారాక కింద ఉంటే తన ముఖమే అన్నీ చెప్పేస్తుందని ఎనిమిదో నంబర్ ఎక్కి కూర్చున్నాడు. పైనుంచి ఆమె టోపీ గుండీ అంత కనిపిస్తోంది. గుండీ తిన్నగా నడుస్తోంది, తిరుగుతోంది, మళ్ళీ నడుస్తోంది. ఒకటి దొరికింది. ఇంకొకటి. ముళ్ళపొద దగ్గర ఆగింది. బొమ్మ ఆమె బూటుకి రెండడుగుల్లో ఉంది. చేతిలో వాకీటాకీ ఉంది. 'ఎడమవైపు' అన్న ఒక్క మాట చాలు.

నాలుక పళ్ళ మధ్య బిగించాడు. గుండీ ముందుకి వెళ్ళిపోయింది. ఆ మూడు గంటల్లో అతను చేసినంత కష్టమైన పని అంతకుముందు ఏ నిచ్చెన మీదా చెయ్యలేదు.

మధ్యాహ్నం వాకీటాకీ మేలుకుంది.

"నిచ్చెనగారూ! దిగండి!"

పరుగులాంటి దిగుడు దిగాడు. ఆమె నిలబడిన చోటే గెంతుతోంది.

"పదమూడే! ఇరవైలో పదమూడే దొరికాయి! ఏడు తప్పిపోయాయండీ!"

తప్పినందుకు అంత సంబరపడ్డ మనిషిని అతను ఎప్పుడూ చూడలేదు. ఆమె గబగబా అట్ట మీద రాసింది. "ఈ లెక్కన పదకొండు కాస్తా పదిహేడు అవుతుంది. దాటింది! పదండి, ఆ ఏడూ తీసివ్వండి. మీరే తియ్యాలి."

ముళ్ళపొదలోకి చెయ్యి పెడుతూ అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. ముంజేతుల నిండా ఎర్రగీతలు. ఆమె గెంతడం ఆగింది.

"ఇవన్నీ ముళ్ళేనా?"

"కాగితం అక్కడికే పొమ్మందండీ."

ఆమె సంచీలోంచి మందు తీసి, పిట్ట మీద మట్టి దులిపినంత మెల్లగా ఆ గీతల మీద రాసింది. "పెద్దసారు చెప్పారు, మీరే ఫోన్ చేశారని," అంది తల ఎత్తకుండా. "నేను ఆ రోజు చాలా అన్నాను."

"తక్కువే అన్నారండీ."

జేబులో ఎర్రపిట్ట ఉంది. ఇద్దామని చెయ్యి పైకి వెళ్ళింది. చెమట తుడుచుకుని కిందికి వచ్చేసింది.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. మొదటి రోజు పొద్దున్నే మూడు గాలిమరలనూ ఆపే మీట నొక్కింది అతనే. రెక్కలు నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగాయి. రోజూ వినిపించే హోరు పోయేసరికి చెవులు బోసిపోయినట్టయింది.

అప్పుడు గడ్డిలోంచి ఒక పిట్ట లేచింది. పైకి, ఇంకా పైకి, ఆగిపోయిన రెక్క పక్కనుంచే వెళ్ళి పాట అందుకుంది. దాని వెనక ఇంకొకటి. చూస్తూ చూస్తూ లెక్క తప్పిపోయింది పిట్టల మేడం. అతను ఆమెనే చూస్తున్నాడు.

"నిచ్చెనగారూ, మీ జేబులోంచి పసుపు తోక కనబడుతోంది."

అతని చెవులు కందిపోయాయి. "ఇది... ఇది లెక్కలోది కాదండీ."

"నెల రోజులుగా కనబడుతోంది. చొక్కా మారుతోంది, తోక మారట్లేదు."

"చూశారా! మరి అడగలేదే?"

"నేను ముట్టుకోకూడదు కదా. దాచినవాళ్ళే తీసి ఇవ్వాలి. పద్ధతి పద్ధతే."

అతను ఎర్రపిట్టను తీసి రెండు చేతులతో ఆమె అరచేతిలో పెట్టాడు. పైన మగపిట్ట ఊపిరి తీసుకోకుండా పాడుతోంది. దానికున్న ధైర్యంలో పావు వంతు తెచ్చుకుని, "దాచొద్దందండీ అమ్మ. నాకే నోరు రాలేదు. మీరంటే నాకు... నిచ్చెన ఎక్కేటప్పుడు కూడా మీరే గుర్తొస్తారు," అన్నాడు.

"ఎక్కేటప్పుడు మెట్లు చూసుకోండి," అంది ఆమె. చెయ్యి మాత్రం మూసుకుంది, పిట్టతోనూ అతని వేళ్ళతోనూ కలిపి. "దిగాక నన్ను చూడొచ్చు."

ఆ సాయంత్రమే ఇద్దరూ ఇంటికి వెళ్ళారు. తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పిల్ల చేతిలో ఎర్రపిట్టను చూసి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"నెల పట్టిందా వీడికి?"

"పట్టిందత్తయ్యా," అంది ఆమె. అన్నాక గానీ ఏమని పిలిచిందో తట్టలేదు. తట్టాక కూడా మార్చుకోలేదు. "ఎర్రబట్ట ఇంకా ఉందా? దీనికి జత కావాలి."

తల్లి మిషను సొరుగు లాగింది. లోపల ఇంకో ఎర్రపిట్ట. సూది దానికే గుచ్చి ఉంది.

"ఒక్క కన్ను మిగిల్చాను. నువ్వొచ్చాక కుడదామని."

"అమ్మా!" అన్నాడు నిచ్చెన. "ఇంకోటి కుట్టావని నాకు చెప్పనే లేదే?"

తల్లి సూదిలోకి దారం ఎక్కిస్తూ, కోడలి వైపు చూసి నవ్వింది.

"నీకు చెబితే తీసుకెళ్ళి దారి పక్కన పెట్టేస్తావురా."