ఎక్కడా ఆగని వ్యాన్

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల మందుల కంపెనీ ఆడిటర్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడలో ఐడీ కార్డు, మెడ పక్కన సూది గుచ్చిన గుర్తు. ప్రాణం పోయి చాలాసేపయింది.

లిఫ్ట్‌లో తీసిన ఆ శవం ఫొటోను బల్ల మీదుగా ఇవతలికి నెట్టాడు చీఫ్. "విదేశీ ముఠా పని. ఈ కంపెనీ నుంచి ఆసుపత్రులకి వెళ్లే ఇంజెక్షన్లు దారిలో కాజేసి, వాటి బదులు నకిలీవి పంపబోతున్నారు. ఎప్పుడో, ఎక్కడో తెలీదు. పసిగట్టిన ఒక్క మనిషినీ చంపేశారు."

"గన్ ఏది సార్?" అన్నాడు ఏజెంట్ డేగ.

చీఫ్ లాప్‌టాప్ చేతికిచ్చాడు. "నువ్వు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌వి. అక్కడ మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్ నేమ్ నెమలి. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు పంపుతోంది. 'సర్వర్ లేచిందా?' అని అడుగుతుంది. 'టీ తాగాక లేస్తుంది' అను."

డేగ పళ్లు నూరుకున్నాడు. కదిలే రైల్లోంచి దూకినవాడు, పెట్టుడు మీసంతో సరిహద్దులు దాటినవాడు, ఇప్పుడు మీటింగుల్లో కూర్చోవాలి. కాదనలేకపోయాడు. అతని భార్యకి షుగర్. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండే ఇంజెక్షన్లు ఆ కంపెనీ పంపేవే.

కంపెనీ సాఫ్ట్‌వేర్ నాలుగు ముక్కలు. ఆర్డర్లకి ఒక సర్వీస్, స్టోర్‌కి ఒకటి, వ్యాన్లకి ఒకటి, బిల్లులకి ఒకటి. ఎవరి గోల వారిదే. ప్రతిదీ తన పని అయిపోయిందని చేతులు దులుపుకుంటుంది, పెట్టె చివరికి ఏమైందో ఏ ఒక్కదానికీ పట్టదు. ఆర్డర్ పడటం, పెట్టె కదలడం, వ్యాన్ ఆగడం, ఇలా జరిగిన ప్రతిదాన్నీ ఒక ఈవెంట్‌గా పట్టుకుని ఒకే తెర మీద వరసగా చూడగలిగితే తేడా ఎక్కడుందో దొరుకుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. చేసేసరికి డేగకి తల ప్రాణం తోకకొచ్చింది. స్టోర్ వాళ్లని అడిగితే వ్యాన్ల వాళ్లని అడగమంటారు. వాళ్లు మేనేజర్‌ని అడగమంటారు. మేనేజర్ మీటింగ్ పెడతాడు. శత్రువులకి చిక్కి తన్నులు తిన్నప్పుడు కూడా అతనికి ఇంత ఏడుపు రాలేదు.

చివరికి తెర వెలిగింది. వెలిగి ఊరుకుందా, మోగడం మొదలెట్టింది. వ్యాన్ సిగ్నల్ దగ్గర ఆగితే అలారం, సందు మలుపులో ఆగితే అలారం. మానిటరింగ్ గదిలో ఆపరేటర్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

మళ్లీ మీటింగ్. గది నిండా సెంటు వాసన. మొదటి రోజే టీ మాటతో డేగకి పరిచయమైన నెమలి, నల్ల కళ్లద్దాలు తల మీదకి నెట్టుకుని నవ్వింది. "పాపం, ఆపరేటర్ గారి మొహం చూడండి. వ్యాన్లన్నాక ట్రాఫిక్‌లో ఆగవా? దానికి అలారం ఎందుకండీ? తీసేద్దాం."

అందరికంటే ముందు చెయ్యెత్తింది డేగే.

మర్నాడు మానిటరింగ్ గదిలో తెరంతా పచ్చగా, ప్రశాంతంగా ఉంది. ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ఇంజెక్షన్లు అయిపోయాయి. ఆసుపత్రిలో కూడా లేవట. మధ్యాహ్నం వ్యాన్‌లో వస్తాయన్నారు. ఇక్కడే కూర్చున్నాను."

"సరే, నేను చూస్తాలే," అని ఆ వ్యాన్‌ని తెర మీదకి తెచ్చాడు. స్టోర్ ఓకే. వ్యాన్ ఓకే. చల్లదనం ఓకే. హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీ కింద రోడ్డు మీద బళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఇరుక్కుపోయి హారన్లు కొడుతున్నాయి. డేగ నిటారుగా లేచి కూర్చున్నాడు. అలారం తీసేసినా ఈవెంట్లు లోపలికి వస్తూనే ఉంటాయి. తెరిచి చూశాడు. ఆ వ్యాన్ బయల్దేరినప్పటి నుంచి ఎక్కడా ఆగలేదు. ఒక్క సిగ్నల్ దగ్గర కూడా.

"ఈ ఊళ్లో అంబులెన్సే ఆగకుండా పోలేదు," అన్నాడు ఆపరేటర్‌తో. "ఈ ఈవెంట్లు వ్యాన్ పంపుతున్నవి కావు. ఎవరో కూర్చుని పంపుతున్నారు. అసలు వ్యాన్ ఇంకెక్కడో ఉంది."

రోజూ గోల చేసే వ్యాన్ ఒక్కటే నోరు మూసుకుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకే ముందుగా అన్ని వ్యాన్ల నోళ్లూ మూయించారు. తన చేతే మూయించారు. డేగకి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

ఆపరేటర్ వెతికి చూసి నీళ్లు నమిలాడు. "ఇవి మన ఫ్లోర్ నుంచే వస్తున్నాయి సార్. నిన్న అలారం తీసేద్దామన్న మేడమ్ గారి లాప్‌టాప్."

డేగ మేనేజర్‌కి ఫోన్ చేశాడు. "ఆసుపత్రికి వెళ్లే సరుకు వెంటనే ఆపండి."

"అప్రూవల్ కావాలండీ. కమిటీ గురువారం కూర్చుంటుంది."

"జనం చచ్చిపోతారండీ."

"అయితే అర్జెంట్ అని రాయండి. బుధవారం కూర్చుంటారు."

భార్యకి చేశాడు. ఎత్తలేదు. తెర మీద వ్యాన్ చేరినట్టు చూపిస్తోంది. అంటే ఆసుపత్రి గుమ్మంలో నకిలీ పెట్టెలు దిగుతున్నాయి. సరుకు వేడెక్కిందంటే చాలు, ఈ సాఫ్ట్‌వేర్ ఏ కమిటీనీ అడగకుండా వెనక్కి పంపేస్తుంది. డేగ గబగబా ఒక దొంగ ఈవెంట్ కొట్టాడు: పెట్టెల ఉష్ణోగ్రత, నలభై డిగ్రీలు. ఇక ఎంటర్ నొక్కడమే మిగిలింది.

"సర్వర్ లేచిందా?" వెనక నుంచి సెంటు వాసన. నెమలి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, సన్నటి సూది ఉంది. "చేతులెత్తు. నిన్న మీటింగ్‌లో ఎంత బాగా ఎత్తావు."

"ఆడిటర్‌ని పొడిచింది దీంతోనేనా?"

"లేచి నిలబడు."

డేగ రెండు చేతులూ ఎత్తుతూ, లేచేటప్పుడు మోచేత్తో ఎంటర్ నొక్కాడు. అదే క్షణంలో ఆసుపత్రిలో మొదటి పెట్టెను స్కాన్ చేశారు. తెర ఎర్రబడింది: తీసుకోవద్దు, వెనక్కి పంపండి.

నెమలి చూపు అటు తిరిగింది. ఆపరేటర్ లేచి, చక్రాలున్న తన ఆఫీసు కుర్చీని ఒక్క తోపు తోశాడు. అది ఆమె మోకాళ్లకి తగిలింది. ఆమె తూలేలోపు డేగ ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. సూది కింద పడింది.

అసలు వ్యాన్ ఊరి చివర పాత గోడౌన్‌లో దొరికింది. సాయంత్రానికి అసలు ఇంజెక్షన్లు ఆసుపత్రికి చేరాయి. డేగ ఇంటికెళ్లేసరికి భార్య పెట్టెను ఫ్రిజ్‌లో సర్దుతోంది. మొహం గంటు పెట్టుకుని ఉంది.

"ఎవడో సాఫ్ట్‌వేర్ వాడు తప్పుడు లెక్క పంపాడట. పెట్టెలన్నీ వెనక్కి పోయాయి. మధ్యాహ్నమంతా ఆ బెంచీ మీద కూర్చోలేక చచ్చాను. అలాంటివాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యాలి."

"తీసేశారు," అన్నాడు డేగ బూట్లు విప్పుకుంటూ. "కమిటీ ఇవాళే కూర్చుంది."