మీగడ తీసిన పాలు

పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ బేకరీ పనికి వెళ్లిపోయారు. ముందుగదిలో కుట్టుమిషను పక్కన కూర్చుని పెద్దకోడలు పాపకి జడలు వేస్తోంది. రాత్రే సరిహద్దు దాటి ఇల్లు చేరిన చిన్నకోడలు గుమ్మానికి ఆనుకుని కూతురిని కళ్లారా చూసుకుంటోంది.

"అబ్బా, గట్టిగా లాగకమ్మా!" అంది పాప.

ఆ పిలుపు తనకి కాదు, తోడికోడలికి. చిన్నకోడలి గుండె కలుక్కుమంది.

జబ్బుపడ్డ తల్లిని చూసి వారంలో వచ్చేస్తానని అవతలి దేశం వెళ్లింది. తల్లి పోయింది. ఈలోగా రూల్సు మారి సరిహద్దు గేటు మూసేశారు. ఇవాళ రా, రేపు రా అని ఆఫీసుల చుట్టూ తిప్పి తిప్పి అనుమతి ఇచ్చేసరికి, చంక దిగని వయసులో వదిలి వెళ్లిన పిల్లకి ఏడేళ్లు వచ్చేశాయి. ఫోను కూడా కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు.

పాప వంటింట్లోకి వెళ్లగానే చిన్నకోడలు ఇక ఉండబట్టలేకపోయింది.

"నిన్ను అమ్మా అనమని నువ్వే నేర్పావు కదక్కా?"

"నేర్పలేదే. ఒకసారి జ్వరంతో మూలుగుతూ అదే అంది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే దానికి తెలియకుండా చేశావు! మేం వేరు కాపురం పెడతాం. పిల్ల నాతో వస్తుంది."

వీధి వీధంతటితోనూ నోరు చేసుకునే పెద్దకోడలు దువ్వెన కుట్టుమిషను మీద పెట్టేసింది. "నీ పిల్లే. తీసుకెళ్లు," అంది.

అంతలో పాప గ్లాసు పట్టుకుని జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చింది.

"పాలు నీకే. మీగడ తీసేశాను. నోటికి తగిలితే నీకు వాంతొస్తుందట కదా!"

చిన్నకోడలు నివ్వెరపోయింది. "ఎవరు చెప్పారు?"

"అమ్మే. రోజూ అన్నం పెడుతూ నీ కబుర్లే చెబుతుంది. నన్నెత్తుకుని నువ్వు పాట పాడితే పక్కింటి కుక్క కూడా మొదలుపెట్టేదట. నువ్వు నవ్వితే కళ్లమ్మట నీళ్లు కారతాయట. ఏదీ, నవ్వు!"

చిన్నకోడలికి నవ్వు ఆగలేదు. దానితోపాటే కన్నీళ్లూ ఆగలేదు.

"అమ్మా, నిజమే! నువ్వు చెప్పినట్టే కారుతున్నాయి!" పాప పెద్దకోడలిని పిలిచి మరీ చూపించింది.

ఈసారి ఆ పిలుపు గుచ్చుకోలేదు. చిన్నకోడలు వెళ్లి తోడికోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"వేరు కాపురమూ వద్దు, ఏమీ వద్దు. ఎంత మాటన్నానక్కా! వాళ్లు నన్ను గేటు అవతలే ఉంచేశారు. నువ్వేమో ఇన్నేళ్లూ నన్ను ఈ ఇంట్లోనే ఉంచావు."