గడియారం గదిలో రెండో కుర్చీ

శవం కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

గురువారం ఉదయం పదకొండు ఇరవై అయిదు. లాడ్జి మూడో అంతస్తు, చివరి గది. కుడి కణతలో ఒకే ఒక్క బుల్లెట్. చెయ్యి చాపితే అందేంత దూరం నుంచి కాల్చారు. ఎవరికీ చప్పుడు వినపడలేదు. సైలెన్సర్ వాడి ఉంటారు.

చచ్చినవాణ్ణి పోలీసులు ‘గడియారం’ అనేవాళ్లు. కిరాయికి మనుషుల్ని చంపడం అతని వృత్తి. ముప్పై ఏళ్లు చేశాడు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. ఒక్క కేసూ రుజువు కాలేదు. చేతులు వణకడం మొదలయ్యాక మానేశాడు.

ఇన్‌స్పెక్టర్ గదంతా కలియజూసింది. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీ గోడకి ఆనించి, తలుపుకేసి తిరిగి ఉంది. అందులోనే గడియారం. రెండోది బల్లకి ఇవతల, అతనికెదురుగా ఉంది. గోడమీద ఒక్క ఫొటో లేదు. ఎవరైనా వస్తారని సర్దిన వస్తువు ఒక్కటీ లేదు.

ఆమెకి తన ఇల్లు గుర్తొచ్చింది. యాభై ఆరేళ్లు మీదపడ్డాయి. రోజూ తాళం తనే వేసి, తనే తీసుకుంటుంది. ఆ ఆలోచనని అక్కడే తుంచేసింది.

“ఫింగర్‌ప్రింట్స్?”

“ఒకే మనిషివి మేడమ్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్. “ఇతని చెల్లెలివి, ఆమెని పిలిపించి పోల్చి చూశాం. తలుపుమీద, బల్లమీద, గ్లాసుమీద.”

“ఇతనివి?”

“లేవు. చిత్రంగా ఉంది.”

“ఏం చిత్రం? ముట్టుకున్నదల్లా తుడుచుకుంటూ బతికినవాడు. ముద్రలు వదిలిందంటే, ఈ గదికి వచ్చినవాళ్లలో ఆమె ఒక్కతే మామూలు మనిషన్నమాట.”

ఇన్‌స్పెక్టర్ మోకాళ్లమీద కూర్చుని నేలమీద పరిచిన మెత్తటి లినోలియం షీటు చూసింది. గడియారం కుర్చీ కాళ్ల కింద నాలుగు గుంటలు. దాని కుడిపక్కన, గోడవారనే, ఇంకో నాలుగు. ఎదురు కుర్చీ కింద మాత్రం నేల నున్నగా ఉంది.

ఫోన్ మోగింది. పై అధికారి.

“చెల్లెలు పొద్దున్న అరిచిందని మేనేజర్ చెబుతున్నాడు. ఆమె తప్ప ఎవరూ రాలేదంటున్నాడు. నాలుగింటికల్లా రిమాండ్‌కి పంపించు.”

“అతను చూసింది ముందు మెట్లే సార్. వెనక ఇనపమెట్లున్నాయి.”

“నాలుగింటికి,” అని ఆయన పెట్టేశాడు.

చెల్లెలు లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. అరచేతుల నిండా పాత కాలిన మచ్చలే. ఏడవడం లేదు.

“ఎన్నింటికొచ్చావు?”

“తొమ్మిదీ పదికి. తొమ్మిదీ నలభైకి వెళ్లిపోయాను.”

“ఎందుకరిచావు?”

“నాతో వచ్చి ఉండమని. ఇరవై ఏళ్లుగా అరుస్తూనే ఉన్నానమ్మా. నాకా పెళ్లీ లేదు, పిల్లల్లేరు. ఇద్దరం రెండు చోట్ల ఒంటిగా ఎందుకు ఏడవాలి?”

“ఏమన్నాడు?”

“ఇవాళ సరేనన్నాడు.”

“ఎక్కడ కూర్చున్నావు?”

“ఎదురుగా. తలుపుకి వీపుపెట్టి. అన్నయ్యకి ఎప్పుడూ గోడే కావాలి.”

ఇన్‌స్పెక్టర్ ఏ కేసునైనా బేరంలాగే తూచేది. ఎవరికేం మిగిలింది, ఎవరికేం పోయింది? ఇరవై ఏళ్లు అడిగి, దక్కిన అరగంటలో ఎవరూ దాన్ని పారేసుకోరు. ఈమెకి నష్టం తప్ప మరేం లేదు. పైగా గడియారం లాంటివాడు, చేతిలో తుపాకితో బల్ల చుట్టూ తిరిగొచ్చేదాకా ఎవరినైనా చూస్తూ కూర్చుంటాడా?

అంటే, కాల్చినవాడు ముందునుంచీ అతని కుడిపక్కనే ఉన్నాడు.

“దొరని పిలిపించండి,” అంది.

అదే వృత్తిలో గడియారానికి సాటి వచ్చినవాడు ‘దొర’ ఒక్కడే. ఎప్పుడూ బూడిదరంగు సూటు, తోలు గ్లౌజులు. ఇద్దరూ రెండు ముఠాల మనుషులు. ఒకసారి ఒకే మనిషికోసం ఇద్దరూ ఎదురెదురు మేడలమీద కాపేశారని, ఎవరు ముందు కాల్చారో ఇప్పటికీ తేలలేదని చెప్పుకుంటారు. దొర కూడా మానేసి పదకొండేళ్లయింది.

మధ్యాహ్నం మూడింటికి అదే గదిలో ఇన్‌స్పెక్టర్ అందరినీ కూర్చోబెట్టింది. శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి పంపి, ఆనవాళ్లన్నీ తీయించాక గది కడిగించింది. మంచంమీద చెల్లెలు, మేనేజర్. గోడవార కుర్చీలో తను. ఎదురు కుర్చీ ఖాళీ. తలుపు తెరిచే ఉంచింది. వసారాలో ఒక కానిస్టేబుల్ని బూట్లు టకటకలాడిస్తూ తిరగమంది.

దొర రొప్పుతూ వచ్చాడు. “మూడంతస్తులని ఎవరూ చెప్పలేదు మేడమ్. ఈ మోకాళ్లతో నేను హత్యలు కూడానా?”

“ఈ గదికి ఎప్పుడొచ్చారు?”

“ఇదే మొదటిసారి.”

“గడియారంతో చివరిసారి మాట్లాడింది?”

“మేం మాట్లాడుకునే రకం కాదు. ఎదురుపడితే ఇద్దర్లో ఒకడు మిగిలేవాడు.”

“పొద్దున్న తొమ్మిదీ నలభై నుంచి?”

“ఇంట్లో.”

“ఎవరు చూశారు?”

“నన్ను చూడ్డానికి ఎవరున్నారు?”

“కూర్చుని చెప్పండి.”

వెనక బూట్లు టకటకలాడాయి. దొర చూపు ఒక్క క్షణం తలుపువైపు వెళ్లింది. మాట ఆపకుండానే కుర్చీ ఎత్తాడు. బల్ల చుట్టూ తెచ్చి, ఆమె కుడిపక్కన గోడవార దించాడు. నేలకేసి చూడలేదు. రెండుసార్లు అటూ ఇటూ కదిపాడు. నాలుగు కాళ్లూ టక్కున గుంటల్లో దిగాయి. అప్పుడు కూర్చున్నాడు.



“కిందకి చూడండి,” అంది ఇన్‌స్పెక్టర్ మెల్లగా. “చెల్లెలు తలుపుకి వీపుపెట్టి కూర్చుంటుంది. తలుపుకి వీపు పెట్టలేనివాళ్లు ఇద్దరైతే? పక్కపక్కనే కూర్చోవాలి. ఆ గుంటలు పడాలంటే ఒక్కరోజు చాలదు. ఎన్నేళ్లు?”

దొర గుంటల్ని చూశాడు. తర్వాత గ్లౌజులు విప్పి బల్లమీద పెట్టాడు.

“పదకొండు. ప్రతి గురువారం పదింటికి. వెళ్లేముందు కుర్చీని మళ్లీ ఎదురుగా పెట్టేవాణ్ణి.”

“ఎందుకు చంపారు?”

“ఇంటికి చేరినవాడు నోరు జారతాడు. మా వృత్తిలో అది...”

“అది పాత కారణం. అతను నోరు జారినా, దాన్ని రుజువు చేసే సాక్షి ఒక్కడూ బతికి లేడు. అసలుది చెప్పండి.”

బూట్ల చప్పుడు ఆగిపోయింది.

“ఈ గది ఖాళీ చేస్తున్నానన్నాడు. చెల్లెలి దగ్గరికి వెళ్తానన్నాడు, నవ్వుతూ. నేను చేసిన పనులు ఈ లోకంలో వాడికొక్కడికే చెప్పుకోగలను. నాకు నిద్ర ఎందుకు పట్టదో వాడికి చెప్పక్కర్లేదు. వాడికొక ఇల్లు దొరికింది. నాకు గురువారం కూడా మిగల్లేదు. ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. నా చెయ్యి వినలేదు.”

“చంపితే మిగిలిందా?”

“లేదు. తప్పు లెక్క.”

చెల్లెలు లేచి నిలబడింది. అతన్ని ఎగాదిగా చూసింది.

“ఆ గురువారాలాయన మీరేనా?”

దొర తలెత్తాడు.

“పొద్దున్న సరేనన్నాక ఒకే ఒక్క షరతు పెట్టాడు అన్నయ్య. ప్రతి గురువారం ఒకాయన వస్తాడు, కాదనకూడదన్నాడు. ఆయనకీ కలిపి వండమన్నాడు.”

“నా పేరు చెప్పాడా?”

“లేదు,” అందామె. “‘నా స్నేహితుడు’ అన్నాడు.”

హెడ్ కానిస్టేబుల్ బేడీలు పట్టుకుని ముందుకొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ చేత్తో ఆగమంది.

దొర ఆ మాటని చప్పుడు లేకుండా పెదాలతో పలికి చూసుకుంటున్నాడు. అరవై రెండేళ్లలో అతన్ని ఎవరూ ఆ మాట అనలేదు.