నాలుగు మిల్లీమీటర్లు

"నాలుగు మిల్లీమీటర్ల ఉబ్బట! మేకు తలంత కూడా లేదే... దీనికా ఇంత గోల!"

భర్త స్కానింగ్ రిపోర్టు పక్కన పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి, చెక్కముక్క మీద అంత గీత గీసి చూపించాడు. వడ్రంగి కదా! ప్రపంచంలో కొలవలేనిది లేదని అతని నమ్మకం. పాలిష్ చేయాల్సిన కుర్చీలు ఆరు. వాటి మధ్య నేల మీద ఆమె వాలిపోయి ఉంది. గరుకు కాగితం ఇంకా చేతిలోనే ఉంది. నడుం నుంచి పాదం దాకా ఎవరో నిప్పుతీగ లాగుతున్నట్టుంది...

"మా రోజుల్లో నడుంనొప్పికి స్కానింగులు లేవమ్మా, పనులుండేవి" అంది అత్తగారు గుమ్మంలోంచి.

నొప్పి భరించవచ్చు. నొప్పి ఉందని ఒక్కరైనా నమ్మితే చాలుననుకుంది ఆమె. ఆ ఇంట్లో ఆ ఒక్కరూ లేకపోయారు!

మర్నాడు ఆస్పత్రిలో, చెప్పులు గుమ్మం బయట విడిచి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. డాక్టరమ్మ అడిగింది. "ఎప్పటి నుంచమ్మా?"

"రెండు నెలలండీ" అన్నాడు భర్త.

"ఏడు" అంది ఆమె.

"ఏడా! నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పానండీ... చెప్తూనే ఉన్నాను."

అతను తడబడుతూ రిపోర్టు ముందుకు తోశాడు. "నాలుగు మిల్లీమీటర్లే కదా డాక్టరుగారూ..."

"కొలత కాదండీ సంగతి. వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయి. వాటి లోపల జిగురులాంటి గుజ్జు ఉంటుంది. అది పుట్టినప్పటి నుంచీ దాదాపు రక్తం కంటపడకుండా ఉంటుంది. మెత్త చిట్లి గుజ్జు బయటికొస్తే, రక్తంలోని కాపలా కణాలు దాన్ని పరాయిదనుకుని మీద పడతాయి. అవి వదిలే రసాయనాల్లో పక్కనున్న నరం నానిపోతుంది. నరకణం గోడకి చిన్న చిన్న తలుపులుంటాయి. మామూలుగా ఏదైనా తగిలితేనే తెరుచుకుంటాయి. ఇప్పుడు ఊరికే తెరుచుకుంటున్నాయి. తెరుచుకున్న ప్రతిసారీ మెదడుకు నొప్పి కబురు వెళుతుంది. ఇంతకు రెండింతలు ఉబ్బున్నా హాయిగా తిరిగేవాళ్ళున్నారు. ఈవిడది మాత్రం నిజమైన మంట."

తన ఒంట్లోదే... పుట్టినప్పటి నుంచీ తనలోనే ఉన్నదే... అయినా పరాయిదా! ఆమెకు తెలియకుండానే కళ్ళు నిండాయి.

"తగ్గుతుందా?"

"చాలామందికి తగ్గుతుందమ్మా. ఆ కాపలా కణాలే మెల్లగా గుజ్జును తినేస్తాయి. నెలలు పడుతుంది. బరువులెత్తకూడదు, వంగి పని చేయకూడదు. మందులు రాస్తాను."

"అంటే..." భర్త గొంతు సవరించుకున్నాడు. "తను అబద్ధం చెప్పట్లేదన్నమాట."

"ఆ ముక్క ఆవిడతో అనండి" అంది డాక్టరమ్మ, మందుల చీటీ రాస్తూ.

ఏడు నెలలుగా ఆ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. వచ్చింది... కానీ తన వైపు తిరిగి రాలేదు. అయినా బయటికి వచ్చాక అతను ఆమెను బల్ల మీద కూర్చోబెట్టాడు. చెప్పులు తెచ్చాడు. అందరూ చూస్తుండగానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు! పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో అతని నడినెత్తిన నెరిసిన జుట్టును ఆమె పైనుంచి చూడడం అదే మొదలు. ఆమె గుండె కరిగి, చేయి అతని భుజం మీదకు వెళ్ళబోయింది...

అతను చెప్పు చేత్తో పట్టుకుని, రెండు పాదాలనూ మార్చి మార్చి చూసి, తల పైకెత్తాడు.

"ఏ కాలే... నొప్పి?"

ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"ఎడమదండీ" అంది.